పసుపు గౌను మడతలు

క్వారీ వీధి, చివరి ఇల్లు
ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. చింపి ఊరుకోకు, పొయ్యిలో పెట్టు.

కిందటి ఉత్తరంలో నీ గది గురించి రాశావు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తాళం తీసుకుని, చెప్పులు ఓ మూలకి విసిరేసి, కిటికీ దగ్గర కుర్చీలో కాసేపు ఊరికే కూర్చుంటానని. ఆ ఒక్క ముక్క నాలుగుసార్లు చదివాను. ఊరికే కూర్చోవడమట. నాకు కుళ్ళొచ్చింది, నీ దగ్గర దాచడం దేనికి. ఇక్కడ నేను కూలబడితే చాలు, బుడ్డోడు ఒళ్ళోకి, రెండోది వీపు మీదికి, పెద్దది జడ పట్టుకుని పలక మీద లెక్క చూడమని. మా ఇంటికి తాళం కప్పే లేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి.

సరే, అసలు సంగతి. బుడ్డోడి కాన్పులో నాకెంత రక్తం పోయిందో నీకు తెలుసు, పక్కనే ఉన్నావు. మూడేళ్ళ దాకా మళ్ళీ కడుపు రాకూడదనీ, వస్తే ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది. ఇంటికి పంపేటప్పుడు చీటీలో, పాలు మాన్పించాక వాడమని మాత్రల పేరు కూడా రాసిచ్చింది. ఆ చీటీ నా బట్టల పెట్టె అడుగున ఉంది. వాడికి ఏడాదిన్నర నిండింది, పాలు మానేశాడు. మీ మరిది లారీ దిగి నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆయన వెళ్ళిన దగ్గర్నుంచి నాకు నెలసరి వచ్చేదాకా నేను ఎలా బతుకుతున్నానో రాయలేను.

ఆయనతో చెప్పకపోలేదు. చెడ్డవాడు కాదు. అంతా విని, "అమ్మనోసారి అడుగు" అన్నాడు. అత్తయ్యని ఏమని అడగను? సాయంత్రం అరుగు మీద నలుగురూ చేరితే ఆవిడ నోట వచ్చేది ఒకటే మాట, "ఒక్క మగపిల్లాడేనా, వాడికో తోడుండొద్దూ" అని. గోడ మీద మా ఆడపడుచు ఫొటో ఉంది, నాలుగో కాన్పులో పోయింది చూడు, ఆవిడది. అత్తయ్య రోజూ పొద్దున్నే కొంగుతో ఆ అద్దం తుడుస్తుంది. తుడిచి అరుగు మీదికి వెళ్ళి మళ్ళీ అదే పాట. ఆవిడ మనసు నాకు అంతుపట్టదు.

ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో మాత్రలిస్తారు, కాదనను. ఇచ్చేది మా ఆయన పెదనాన్న కూతురు. వరండాలో అందరి ముందూ పేరు పెట్టి పిలుస్తుంది. పక్కింటావిడ పొద్దున లూపు వేయించుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకి ఆవిడ మామగారికి తెలిసిపోయింది. ఆపరేషన్ అంటే మొగుడి సంతకం లేందే పేరే రాసుకోదు.

మీ ఫ్యాక్టరీకి నెలకోసారి నర్సమ్మ వచ్చి, బల్ల వేసుకుని, అడిగినవాళ్ళకి ఇస్తుందన్నావు కదా. నా కోసం తీసుకుని ఎలాగైనా పంపు. చీటీలో ఉన్నదంతా వెనకవైపు రాశాను. ఓ పది నిమిషాలు వరసలో నిలబడాలి, అంతే. నీకేం ఇబ్బంది ఉండదనుకుంటాను.

నీ చెల్లి


మిల్లు వెనక వీధి, మేడ మీద గది
బుధవారం

చెల్లీ,

నేను ఊరికే కూర్చోవడం మీద నీకు కుళ్ళా? పెళ్ళయి పదకొండేళ్ళుగా ఊరికే కూర్చున్నానే. ఒళ్ళోకి ఎక్కేవాళ్ళు లేక కూర్చున్నాను. నీ ఉత్తరంలో ఒకడు ఒళ్ళో, ఒకతి వీపు మీద అని రాసిన చోట కాగితం పక్కన పెట్టి లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. నువ్వు దాచలేదు కాబట్టి నేనూ దాచను.

పని మాత్రం చేశాను. నర్సమ్మ గేటు పక్క గదిలో బల్ల వేసుకుంటుంది. నా ముందు ఇరవై మంది, వెనక ఇరవై మంది, అందరూ మా కుట్టు సెక్షను వాళ్ళే. కాగితం మీంచి తలెత్తకుండా "ఎంతమందమ్మా పిల్లలు" అంది. "ముగ్గురు" అన్నాను. నీ గురించి చెప్పాలి కాబట్టి అన్నాను. అయినా ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో తెలుసా. ఆవిడ ఇంకేవో అడిగితే నువ్వు రాసినవన్నీ అప్పజెప్పాను. మాత్రల షీటు చేతిలో పెట్టి "వచ్చే నెల రా" అంది. ఇంత తేలిక ఇక్కడ. నీకు ప్రాణం పోయేంత కష్టం, నాకు అక్కర్లేనంత తేలిక.

ఇక పంపడం. అమ్మ మనకి గౌన్లు కుడితే కింద పెరిగే మడతలు వేసేది గుర్తుందా, పిల్ల పొడుగయ్యే కొద్దీ ఒక్కోటీ విప్పుకోవడానికి? షీటుని నాలుగు ముక్కలు చేసి, రేకు చిరగకుండా, ఆ మడతల్లో పెట్టి కుట్టాను. పైకి దారం కనపడదు, అమ్మ నేర్పిన కుట్టే. నెలకో బట్ట పంపుతాను. ఒకసారి పెద్దదానికి, ఒకసారి రెండోదానికి, మధ్యలో బుడ్డోడికి నిక్కరు. నువ్వు విప్పి తీసుకుని మళ్ళీ కుట్టెయ్యి. చివరి వరసలో ఎర్రటి మాత్రలు ఏడుంటాయి, అవి రక్తం పట్టడానికి, మానకు.

గౌను మీద కుట్టిన పువ్వు నా సొంత ఆలోచన. అది వేసుకుని పిల్ల ఎలా ఉందో రాయి. వివరంగా రాయి.

అక్క


క్వారీ వీధి
గురువారం

అక్కా,

గౌను వచ్చింది. వచ్చిన రోజే నా ప్రాణం పైకి పోయి వచ్చింది.

నేను పంపు దగ్గర ఉన్నాను. వచ్చేసరికి అత్తయ్య పార్శిల్ విప్పేసి, గౌను బకెట్లో ముంచి ఉతికేస్తోంది. కొత్త బట్ట ఉతక్కుండా పిల్లల ఒంటి మీద వేయనివ్వదు, ఆ గంజీ రంగూ పడవంటుంది. ఆ సంగతి నీకు రాయడం మర్చిపోయాను. ఆవిడ జాడించింది, నీళ్ళు నొక్కింది, తీగ మీద ఆరేసింది. నేను వంటింట్లోంచి చూస్తూ నిలబడ్డాను. ఆరాక మడిచి నా చేతికిచ్చి, "మీ అక్క కుట్టు గట్టిదే" అని వెళ్ళిపోయింది. విప్పి చూస్తే రేకు మీద ఒక్క చుక్క తడి లేదు. ఆ రోజే మొదలుపెట్టాను. రెండేళ్ళుగా పట్టని నిద్ర పట్టింది నాకు.

వీధిలో నీ గౌను గురించే మాటలు. చదరపు మెడ, పువ్వు, అందరూ పట్టి పట్టి చూశారు. ఎదురింటావిడ, "మీ అక్కకి పిల్లల్లేరు కదా, అందుకే ఇంత ఓపిక" అంది. ఆవిడ అన్నదీ నిజమే అనిపించింది. నాకు గుండీ ఊడితే కుట్టుకునే తీరిక లేదు. నీకేం, హాయిగా ఉన్నావు. ఒక్కోసారి బుడ్డోడు కాళ్ళకి చుట్టుకుని వదలకపోతే, అక్కలా పుట్టినా బావుండేది అనుకుంటాను.

పిల్ల బావుంది. గౌను కొంచెం వదులు.

నీ చెల్లి


మిల్లు వెనక వీధి
శనివారం

చెల్లీ,

రెండో నెలదీ మూడో నెలదీ అందాయని రాశావు. సంతోషం. ఇక్కడి సంగతులు కూడా కాస్త విను.

నేను నర్సమ్మతో "ముగ్గురు" అన్నది నా వెనకున్నవాళ్ళు విన్నారు. నాకు ఒక్కళ్ళు కూడా లేరని అందరికీ తెలుసు. మొదటి నెల నవ్వుకున్నారట. రెండో నెల చెవులు కొరుక్కున్నారు. మూడో నెలకి తేల్చేశారు. నేను పెళ్ళయినప్పటి నుంచీ మాత్రలు మింగుతున్నానట, ఉద్యోగం పోతుందని పిల్లలు వద్దనుకున్నానట, మొగుడికి చెప్పకుండా. బట్టలు మడిచే బల్ల దగ్గర మా ఆడపడుచు పని చేస్తుందని తెలుసు కదా. ఆవిడ చెవిన పడ్డాక ఇంక చెప్పేదేముంది, ఆ సాయంత్రానికే మీ బావకి చేరింది.

ఆయన అరవలేదు, తిట్టలేదు. "నిజమేనా" అని ఒక్కమాట అడిగాడు. నీకిచ్చిన మాట ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను. అంతే, ఆయన అర్థమేదో ఆయన తీసుకున్నాడు. పదహారు రోజులైంది ఇంట్లో మాట లేదు. పిల్లలు కావాలని నేను ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు, తాగని కషాయం లేదు. ఇప్పుడు కావాలని వద్దనుకున్నదాన్ని అయ్యాను. వద్దన్నా పుట్టేవి నీకు, ఆ నింద నాకు.

మరిది గారితో ఇంకోసారి మాట్లాడలేవా? లేదూ నేను మీ బావకి ఒక్కడికే చెప్పనా? నువ్వు ఊ అంటేనే.

అక్క


క్వారీ వీధి
మంగళవారం

అక్కా,

వద్దు. ఎవరికీ చెప్పకు. బావగారికి చెబితే మీ ఆడపడుచుకి తెలుస్తుంది, ఆవిడ మేనత్త కొడుకు ఇక్కడే క్వారీలో మేస్త్రీ. రెండు రోజుల్లో మా అరుగు మీదికి వచ్చేస్తుంది. కొంచెం ఓర్చుకో. బావగారి అలక ఎన్నాళ్ళుంటుంది, ఇంకో వారమో పది రోజులో. మా ఆయనా అలుగుతాడు, లారీ ఎక్కితే మర్చిపోతాడు. అయినా మాట్లాడని మొగుడితో ప్రశాంతంగా ఉంటుంది, నాకు అదీ లేదు.

నీ బాధ నాకు అర్థం కాక కాదు. కానీ నీది మాట పడటం, నాది ప్రాణం. నువ్వు నా పిల్లల్ని రెండు రోజులు పెట్టుకుని చూడు, పిల్లలు పిల్లలు అని ఎందుకనుకున్నానా అంటావు. నిన్న ముగ్గురికీ ఒకేసారి జ్వరం. నీకు చెబుతున్నాను, దేవుడు ఎవరికి ఏమివ్వాలో చూసుకోకుండా ఇస్తాడు.

ఒక వింత. ఈమధ్య నీ పార్శిల్ వస్తే అత్తయ్య ఉతకడం లేదు. తడిమి చూసి, మడతపెట్టి, నా మంచం మీద పెట్టేస్తోంది. ముసలితనం వస్తోంది కాబోలు, కళ్ళు కూడా మసకలంటోంది.

వచ్చే నెల పసుపు రంగుది కుట్టు. రెండోది పసుపు కావాలని ప్రాణం తీస్తోంది. షీటు వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారానికి అయిపోతుంది, ఆలస్యం చెయ్యకు.

నీ చెల్లి


మిల్లు వెనక వీధి
సోమవారం

నా బంగారు చెల్లికి,

పసుపు గౌను ఈ రోజే పోస్టులో వేశాను. మూడు మడతలు వేశాను. చేతులకి కుచ్చులు కూడా పెట్టాను, చూసి మురిసిపోతుంది.

నువ్వు రాసింది నిజమే, నాది మాట పడటమేగా. ఓర్చుకుంటాను. మీ బావ ఇంకా మాట్లాడటం లేదు. నువ్వన్నట్టు ప్రశాంతంగానే ఉంది.

నిన్న సెలవు కదా, ఒక్కదాన్నే కూర్చుని ఏవేవో అనుకున్నాను. నవ్వకు. ఒకవేళ, ఒకవేళే, నీకు నాలుగోది వచ్చిందనుకో. నువ్వు భయపడక్కర్లేదు, ఇక్కడ పెద్దాస్పత్రి ఉంది, నేనే దగ్గరుండి చూసుకుంటాను. ఆ పిల్లని నాకిచ్చెయ్యి. నీకు బరువు తగ్గుతుంది, నా ఇంట్లో చప్పుడు పుడుతుంది. మీ అత్తయ్య కోరిక కూడా తీరుతుంది. ఊరికే అనుకున్నాను, అంతే. అనుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు కదా.

సెలవులకి పెద్దదాన్ని పంపు. దానికి మిషను తొక్కడం నేర్పుతాను.

ఒంటరిగా ఉన్న నీ అక్క


క్వారీ వీధి, చివరి ఇల్లు
సోమవారం

అక్కగారికి,

మీరు పంపిన పసుపు గౌను అందింది. పార్శిల్ మంగళవారం వచ్చిందట, నా చేతికి శుక్రవారం వచ్చింది. మధ్యలో బుధవారం మా అత్తయ్య కళ్ళజోడు కోసమని రెండు బస్సులు మారి పట్నం వెళ్ళింది. తెల్లారి వెళ్ళి దీపాల వేళకి వచ్చింది, కళ్ళజోడు లేకుండానే. కుదరలేదట.

గౌను మడతలు విప్పాను. ఉండాల్సినవన్నీ ఉన్నాయి. నిన్నటి నుంచి వేసుకుంటున్నాను.

పిల్లకి గౌను నచ్చింది. మేమందరం క్షేమం. మీరూ బావగారూ క్షేమమని తలుస్తాను.

ఇట్లు,
మీ చెల్లెలు


మిల్లు వెనక వీధి
గురువారం

చెల్లీ,

మీరేమిటే, అక్కగారేమిటే. తప్పకుండా తిరుగు టపాలో జవాబు రాయి. నువ్వేం మింగుతున్నావు?

ఆ మడతల్లో ఏమీ లేదు. నేను పెట్టలేదు. పెట్టడం మర్చిపోలేదు, పెట్టలేదు. నర్సమ్మ ఇచ్చిన షీటు ఇదిగో, సూదుల డబ్బా కింద ఉంది, ఇప్పుడే తీసి చూసుకున్నాను. ఎప్పటిలాగే నాలుగు ముక్కలు చేశాను కూడా. మొదటి మడతలో పెట్టాను. పక్కనే నీ ఉత్తరం ఉంది, నీకేం అన్న ఉత్తరం, దేవుడు చూసుకోకుండా ఇస్తాడన్న ఉత్తరం. మళ్ళీ చదివాను. చదివి ఆ ముక్క బయటికి తీసేశాను. ఖాళీ మడత మీద కుట్టు వేశాను. చెయ్యి వణకలేదే, అదే నాకు భయంగా ఉంది. ఇంత చక్కటి కుట్టు ఈ మధ్య వేయలేదు.

ఒక్క నెల అనుకున్నాను. నాలుగోది వస్తే నాకిస్తావనుకున్నాను. దానికి ఏ రంగు బట్టలు కుట్టాలో కూడా అనుకున్నాను. డాక్టరమ్మ చెప్పింది గుర్తులేక కాదు. గౌను కుట్టిన ఆ నాలుగు రోజులూ దాన్ని గుర్తు చేసుకోలేదు, అంతే. ఓర్వలేకపోయాను. నా పేరు మీద మాత్రలు, నా మీద నింద, నా మొగుడి మౌనం, ఇవన్నీ మోసి నీకు పిల్లలు పుట్టకుండా నేను కాపు కాయాలా అనిపించింది. పుట్టేవాటిని ఆపమని, ఒక్కటీ పుట్టనిదాన్ని అడిగావు. అడిగేటప్పుడు ఒక్కసారైనా ఆలోచించావా?

అవన్నీ తరవాత తిడుదువుగాని. ముందు ఆ మాత్రలు ఎక్కడివి, ఎవరిచ్చారు, రేకు మీద ఏముంది, రాయి. తెలియనివి మింగకు. ఈ ఉత్తరంతో పాటు అసలు షీటు పంపుతున్నాను. గౌను లేదు, మడత లేదు, కవర్లోనే పెట్టాను. ఎవరైనా చూస్తే చూడనీ.

చింపమన్న నీ ఉత్తరాలు ఒక్కటీ చింపలేదు. అది కూడా చెప్పేస్తున్నాను.

అక్క


క్వారీ వీధి, చివరి ఇల్లు
ఆదివారం

అక్కా,

నీ నోటితో నువ్వే చెబుతావా లేదా అని చూశాను. అందుకే అలా పొడిగా రాశాను. నువ్వు చెప్పకపోయి ఉంటే ఇదే ఆఖరి ఉత్తరం అయ్యేది.

గౌను చేతిలోకి తీసుకోగానే తెలిసింది. ఆ మడత మీద ఉన్నది నీ కుట్టు కాదు. వేలెడు వేలెడు దూరంలో, దొడ్డు దారంతో, అటొకటీ ఇటొకటీ. అది గోనె కుట్టు. మా అత్తయ్య ముప్పై ఏళ్ళు క్వారీలో చిరిగిన సంచులు కుట్టింది. గౌను మీద కూడా అదే కుట్టు, పెద్ద సూది చేసిన కన్నాలతో. విప్పితే షీటు ముక్కలు, వంకర టింకరగా కత్తిరించి. రెండు మాత్రలు నలిగి పొడయ్యాయి. ఎప్పుడూ వేసుకునే మాత్రలే, అదే పేరు, అదే రేకు.

గౌను పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. పొయ్యి ముందు కూర్చుని ఉంది. "ఇది నువ్వు కుట్టావా అత్తయ్యా" అన్నాను.

"మీ అక్క మర్చిపోయినట్టుంది. పనిలో ఉండేవాళ్ళు, మర్చిపోతారు" అంది.

మొదటి గౌను ఉతికినప్పుడే ఆవిడ చేతికి తగిలాయట. పిండకుండా మెల్లగా నొక్కి ఆరేసిందట. అప్పటి నుంచి ప్రతి పార్శిలూ ముందు తడిమి చూసి, ఉన్నాయని తెలిశాకే నా మంచం మీద పెడుతోంది. ఈసారి మూడు మడతలూ తడిమింది, ఏమీ తగల్లేదు. పాత షీటు ఆదివారానికి అయిపోతుందని ఆవిడకీ లెక్క తెలుసు. నా బట్టల పెట్టె అడుగునుంచి చీటీ తీసింది. చదవడం రాదు, డాక్టరమ్మ ముద్ర గుర్తుపట్టి తీసింది. కళ్ళజోడు అని చెప్పి బస్సెక్కింది.

ఆస్పత్రిలో నర్సు కోడలు స్వయంగా రావాలందట. "అయితే నాకే ఇవ్వు" అందట ఈవిడ. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకటే నవ్వు. అరవై దాటిన మనిషి. ఆవిడ కదల్లేదు. ఆ బల్ల ముందే కూర్చుంది, మధ్యాహ్నం దాకా. చివరికి డాక్టరమ్మే బయటికొచ్చి చీటీ చూసిందట. నన్ను గుర్తుపట్టి, ఈ ఒక్క నెలకి ఇచ్చి, వచ్చే నెల నన్ను తీసుకురమ్మందట.

నేను అడిగాను, "మరి అరుగు మీద రోజూ ఆ మాట ఎందుకంటావు, వాడికో తోడని."

"నలుగురిలో నేనలా అనాలి. అనకపోతే కోడలు నా నోరు కట్టేసిందంటారు, నిన్ను పీక్కుతింటారు. ఇంట్లో నేనేం చేస్తానో నలుగురికెందుకు" అంది. గోడ మీది ఫొటో వైపు చూసి, "దాని వేళకి నాకీ బుద్ధి లేదు. నేను కూడా దానికి అదే చెప్పాను, ఇంట్లో కూడా" అంది. ఆ తర్వాత లేచి పిల్లలకి కంచాలు పెట్టింది.

నేను ఎవరికి భయపడి ఎవరి దగ్గర దాక్కున్నాను అక్కా? ఈవిడకి భయపడి నీ దగ్గరికి వచ్చాను.

నువ్వు నాలుగోదాన్ని అడిగావు. అది పుట్టేసరికి నేనుంటానా అని అడగలేదు. దానికి రంగు కూడా ఎంచుకున్నావు, నా మాట మాత్రం అనుకోలేదు. ఇది నేను మర్చిపోతానని చెప్పలేను. పెద్దదాన్ని సెలవులకి పంపను. ఎప్పుడు పంపుతానో తెలియదు.

నా తప్పూ ఉంది. నీకేం, నీకేం అని ఎన్నిసార్లు రాశానో ఇప్పుడు తెలుస్తోంది. నిన్ను ఆ వరసలో నిలబెట్టినప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో ఒక్కసారీ ఊహించలేదు. అందుకని బావగారికి వేరే ఉత్తరం రాశాను, ఆయన పనిచేసే చోటి చిరునామాకి. ఆ మాత్రలు నావి, ముగ్గురు పిల్లలు నావి, మా అక్క నాకోసం నోరు మూసుకుంది అని రాశాను. మీ ఆడపడుచుకి కూడా చదివి వినిపించమన్నాను. క్వారీ మేస్త్రీకి తెలిస్తే తెలియనీ. మా ఆయన మొన్న లారీ దిగినప్పుడు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. "అమ్మకి తెలుసా" అన్నాడు. "తెలుసు" అన్నాను. తలూపి అన్నం తిన్నాడు. ఇన్నాళ్ళూ వణికింది దీనికేనా అనిపించి, ఆయన తిన్న కంచం ముందు ఏడ్చాను.

వచ్చే నెల నుంచి అత్తయ్యా నేనూ పట్నం వెళతాం. కళ్ళజోడు ఎన్నిసార్లు పెట్టినా కుదరడం లేదని, తోడుగా కోడల్ని తీసుకెళ్తున్నానని అరుగు మీద అప్పుడే చెప్పేసింది. బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇస్తానంది. పిల్లల్ని పక్కింట్లో వదిలి, ఒక రోజంతా నేను కూడా ఊరికే కూర్చుంటాను. నీ తాళం మీదా నీ కుర్చీ మీదా నాకింకా కుళ్ళుగానే ఉంది, అబద్ధం చెప్పను.

నువ్వు కవర్లో పంపిన షీటు వచ్చింది. అత్తయ్య చూసింది. తీసి నా పెట్టె అడుగున చీటీ పక్కన పెట్టింది.

నీ చెల్లి


మిల్లు వెనక వీధి, మేడ మీద గది
శుక్రవారం

చెల్లీ,

నీ ఉత్తరం బావ నా ముందే చదివాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "నాకెందుకు చెప్పలేదు" అన్నాడు. నలభై రోజుల తర్వాత ఈ ఇంట్లో వినపడిన మొదటి మాట అది. నేను జవాబు చెప్పేలోపు లేచి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ పోసుకొచ్చాడు. ఆయన చేసిన టీ ఎప్పుడూ బావుండదు. తాగాను. మా ఆడపడుచు భోజనాల గంటలో నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, నా కత్తెర అటూ ఇటూ జరిపి వెళ్ళింది.

నా పసుపు గౌను సంగతి బావకి నువ్వు రాయలేదు. ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు వెతికాను, లేదు. నేనే చెప్పాను. "మీ చెల్లికి ఏమైనా అయి ఉంటే" అన్నాడు.

క్షమించమని రాయను. రాస్తే నువ్వు క్షమించాల్సొస్తుంది, దానికి ఇంకా టైముంది. నిజం మాత్రం రాస్తాను. నీ ఉత్తరం చదివి ముందు సిగ్గుపడ్డాను, ఆ తర్వాత మళ్ళీ కుళ్ళుకున్నాను. నా బుద్ధి ఇంతే. ముగ్గురు పిల్లలూ నీకే. మధ్యాహ్నం దాకా బల్ల ముందు కూర్చుని నవ్వులపాలయ్యే అత్తయ్య కూడా నీకేనా? మా అత్తగారు పదకొండేళ్ళుగా నా నెలసరి తేదీ తెలుసుకోవడానికే నాకోసం బస్సెక్కింది. నీ అత్తయ్యని రోజుకోసారి తలుచుకుంటున్నాను, కోపంతో అనుకో, ఏదైనా అనుకో.

మొన్న నర్సమ్మ వచ్చింది. వరసలో నిలబడ్డాను. "ఎంతమంది పిల్లలమ్మా" అంది అలవాటుగా. "లేరు" అన్నాను. తలెత్తి మొదటిసారి నా మొహం చూసింది. "మరి మాత్రలెందుకమ్మా" అంది. మాత్రలకి రాలేదు, పిల్లలు పుట్టడానికి చూసే డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పమని అడిగాను. వెనకవాళ్ళందరికీ వినపడేలా అడిగాను. ఈసారి బావ కూడా వస్తానన్నాడు, ఇన్నేళ్ళూ ఆ మెట్లన్నీ నేనొక్కదాన్నే ఎక్కాను.

పెద్దదాన్ని పంపనన్నావు. పంపకు. కొలతలు మాత్రం పంపు, పొడుగు అవుతూ ఉంటుంది.

పాత కొలతలతోనే ఒక గౌను కుట్టి పంపుతున్నాను, నీలంది. కింద నాలుగు మడతలు వేశాను. వాటిలో ఏమీ లేదు, పిల్ల పొడుగవడానికి వేసినవే. అయినా నా మాట నమ్మొద్దు. ముందు అత్తయ్య చేతికివ్వు, నాలుగూ తడిమి చూసుకోమను.

అక్క